ఇంజను లేని మోత

బండిలోంచి ఇంజను ట్యాపెట్ల టకటక మోత వినగానే చారుమతి ఉన్నచోటే ఆగిపోయింది, ఎందుకంటే ఆ కరెంటు బండికి అసలు ఇంజనే లేదు.

పెట్రోలు బండ్లన్నీ తుక్కుకి పోయాయి. కొత్త బండ్లు తమ జబ్బు తామే కనిపెట్టి, తాళం వేసుకుని, కంపెనీ మనిషి వచ్చేదాకా కదిలేవి కావు. రేపు పొద్దున బండి కదలకపోతే ఆమె పాల సేకరణ పని ఇంకొకరికి పోతుంది.

తండ్రి ఏసుపాదం స్క్రూడ్రైవర్ మొనను బండికి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని విన్నాడు.

"ట్యాపెట్టేనమ్మాయ్. స్పానర్ పట్రా, ఇద్దరం చూద్దాం," అన్నాడు హుషారుగా.

"ఇంజనే లేకపోతే ట్యాపెట్ ఎక్కణ్ణుంచొచ్చింది నాన్నా?"

ఆమె సీటు ఎత్తింది. కింద బుల్లి స్పీకరొకటి వాళ్ళ పాత బండి మోతను వినిపిస్తోంది. లాగి పారేసేలోపే బండి ఆ మోతను తన జబ్బే అనుకుంది; ఎర్ర దీపం వెలిగి, చక్రాలు బిగుసుకుపోయాయి.

ఏసుపాదం తల వంచుకున్నాడు.

"నేనే పెట్టానమ్మా. పాత బండికైతే ఆదివారం ఆదివారం స్పానర్లు అందిస్తా నా పక్కనే కూర్చునేదానివి. ఇప్పుడేదీ పాడవదు, నువ్వూ కూర్చోవు. నీ పనికే ఎసరు పెడతాననుకోలేదు తల్లీ."