మంచు సూటు

2016 డిసెంబరు పదకొండు, ఆదివారం. బాప్టిస్టు గుడి నుంచి వచ్చి గారెలు, కోడికూర తిన్నారు. చేతుల తడి ఆరకముందే థామస్ పార్సిలు విప్పి, తన మంచు సూటు తొడుక్కుని హాలు మధ్యలో నిలబడ్డాడు. నెత్తి మీద ఫ్యాను గిరగిరా తిరుగుతున్నా, నుదుటి చెమట జారి ముక్కు కొసన వేలాడింది.

“ఎలాగున్నాను మావా?”

కృపానిధి మేష్టారు కళ్ళజోడు సర్దుకుని అల్లుడి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. పసుప్పచ్చ కోటు, నీలం ప్యాంటు, లోపలంతా బొద్దుగా కూరిన మెత్త.

“పరుపుకి కాళ్ళొచ్చినట్టున్నావు బాబూ,” అన్నాడు.

కూతురు షీబా పడీపడీ నవ్వింది. పెళ్ళయి ఆర్నెల్లయింది. జనవరిలో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఔలీ కొండలకు వెళ్ళి మంచు మీద జారడం నేర్చుకోవాలని ముచ్చట. తనలా చీపురుపల్లి స్టేషన్లో జెండా ఊపేవాడు ఆ రైళ్ళు ఎక్కడిదాకా పోతాయో ఒక్కసారైనా చూడొద్దా అని థామస్ వాదన.

తర్వాత ముగ్గురూ ఫోనులో ఔలీ ఫోటోలు చూస్తూ కూర్చున్నారు. ఒకాయన చిలకపచ్చ ప్యాంటు మీద గులాబీరంగు కోటు వేశాడు. పెళ్ళి బ్యాండులో బాకా ఊదేవాడు దారితప్పి కొండెక్కాడన్నాడు మేష్టారు. ఒకావిడ టోపీకి నక్కతోక వేలాడుతోంది. ఇంకొకడు అద్దాలు, హెల్మెట్టు, మోచేతులదాకా తొడుగులు, అన్నీ పెట్టుకుని ప్రతి ఫోటోలోనూ వెల్లకిలా పడే ఉన్నాడు. వేషం పూర్తయితే గాని పడకూడదని అక్కడ నియమం కాబోలు. మేష్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. నాన్న అలా నవ్వి ఎన్నాళ్ళయిందోనని లెక్కపెట్టుకోబోయి, ఎందుకులే అని మానేసింది షీబా.

“అంతా పువ్వుల దుకాణంలా ఉంది. ఇన్ని రంగులు ఏటికి?” అందామె.

“ఇదిగో రాసేడు సూడు.” థామస్ ఫోను దగ్గరగా పెట్టుకున్నాడు. “కొండమీది మంచు ఇరిగి మీదపడితే, ఎతికేవోళ్ళకి కనబడాలట. నా పసుపైతే ఇజీనారం నుంచి కూడా కనబడతాది.”

షీబా తన పొట్లం విప్పింది. పాలనురుగులాంటి తెలుపు. టోపీ తెలుపు, తొడుగులూ తెలుపే. ఒంటికి ఆనించుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది.

“అది వద్దమ్మా,” అన్నాడు మేష్టారు. “ఎరుపు తెప్పించుకో.”

వేళాకోళమనుకుంది. ఆయన మొహంలో నవ్వు లేదు.

“నా పెళ్ళిచీర తెలుపు కాదా నాన్నా? బాప్తిస్మానికి నువ్వే కదా తెల్లబట్టలు తెచ్చావు. ఎదురింటి రాజరాజేశ్వరి పిన్ని తెలుపు అశుభమంటే నవ్వేవాడివి. నీకూ పట్టిందేటి ఆ పిచ్చి?”

“తెలుపయితే వెళ్ళొద్దు.”

థామస్ మధ్యలో దూరి, పోనీ దిష్టికి నల్లచుక్క పెడదామన్నాడు. మేష్టారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

షీబా సూటును మళ్ళీ కవర్లో కుక్కింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎదురుగా గోడ మీద మిలటరీ బట్టల్లో అన్నయ్య ఇమ్మానుయేలు ఫోటో. మంచుకొండల సరిహద్దులో ఉండగా జ్వరం ముదిరి ఆసుపత్రిలో పోయాడు. నాలుగేళ్ళయింది. ఫోను వస్తే మాట్లాడిందీ, విశాఖపట్నం వెళ్ళి పెట్టె తెచ్చిందీ నాన్నే. కాగితాల పనికి పదకొండు రోజులు పట్టిందన్నాడు. మేకులు కొట్టిన పెట్టెను తెరవనివ్వలేదు. పోయేటప్పుడు పిల్లడికి వెచ్చగా ఉందా అని అమ్మ ఒక్కటే అడిగింది. రెండు కంబళ్ళు కప్పారట, నర్సు పక్కనే కూర్చుందట అన్నాడు. రెండేళ్ళ తర్వాత తను పోయేదాకా అమ్మ ఆ కంబళ్ళ మాటే పట్టుకుని బతికింది.

అప్పుడు కూడా గొంతు పెంచని మనిషి, ఇవాళ ఒక సూటు రంగు కోసం కూతుర్ని ఏడిపించాడు. అసలు ప్రయాణమే వద్దని ఆమె థామస్‌తో తేల్చి చెప్పింది. సాయంత్రమంతా వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యేలా పడేస్తూనే ఉంది.

రాత్రి పక్కలు వేసుకునే వేళకు మేష్టారు వాళ్ళ గది గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో అమ్మ ఎర్ర శాలువా. మడతల్లో ఇంకా కర్పూరం ఉండల వాసన.

“ప్రయాణం మానకమ్మా. ఆ తెల్లదే వేసుకో. దీన్ని మాత్రం పైన చుట్టుకో. జారిపోకుండా పిన్నీసులు పెట్టుకో.”

“శాలువా చుట్టుకుని మంచులో జారితే ఆ బాకావాడు కూడా నవ్వుతాడు.” నవ్వబోయి ఆగిపోయింది. “కారణం చెప్పు నాన్నా. ఏదైనా సరే, చెబితే చుట్టుకుంటాను.”

ఆయన శాలువాను మంచం మీద పెట్టి, అంచు సవరించాడు. లైటు తీసి, బయటికి వెళ్ళి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేస్తూ అన్నాడు:

“మీ అన్నయ్య వేసుకున్నది తెలుపమ్మా.”