అరగంట కరెంటు

కారు ఆగిపోలేదు. ఆగిపోతానని బెదిరించింది, అంతే.

కారు తెర మీద చార్జింగు చూపే ఎర్ర గీత ఒక్కటే మిగిలింది. ఇల్లు చూస్తే ఇంకా చాలా దూరం.

"నేను చెబితే విన్నారా?" అంది భార్య.

కర్టెన్ల షాపు యజమానికి వినే అలవాటు తక్కువ. ఆ కరెంటు కారు మార్కెట్లోకి కొత్తగా వచ్చింది. కొనేముందు నడిపి చూసుకోమని షోరూమువాళ్లు వారాంతానికి ఇచ్చారు. భార్యకు రంగు నచ్చింది కానీ చార్జింగు మీద నమ్మకం కుదరలేదు. దారి మధ్యలో అయిపోతే ఎవరు దిక్కని ఒకటే గోల. ఆ గోల తీర్చడానికే ఆదివారం పొద్దున్నే ఆవిణ్ణి ఎక్కించుకుని ఊరు దాటించాడు. తిరుగుదారిలో ఇదిగో, ఈ ఎర్ర గీత.

మెయిన్ రోడ్డు వదిలి ఒక ఇరుకు వీధిలోకి తిప్పాడు. మొదటి ఇంటి కిటికీ రోడ్డు వారనే ఉంది. లోపల ఏదో మోటారు బర్రుమంటోంది. కరెంటు ఉన్నట్టేనని తలుపు కొట్టాడు.

ఒకామె తలుపు ఓరగా తీసి గడపలోనే నిలబడింది.

"ఒక్క అరగంట ప్లగ్గు వాడుకోనిస్తావా అమ్మా? బండిలో చార్జింగు అయిపోయింది."

ఆమె కారు వైపు చూసింది. అందులో చెమటలు తుడుచుకుంటున్న భార్యను చూసింది. వెనక్కి తిరిగి గదిలోకి కూడా ఒకసారి చూసుకుంది.

"అరగంటేగా అన్నయ్యా?"

"అరగంటే."

లోపల మోటారు ఆగింది. చార్జింగు వైరు కిటికీలోంచి లోపలికి పోయింది. ఆ ఇంటి లైను రెండింటినీ మోయలేదట. వరండాలో రెండు కుర్చీలు వేసి, మంచినీళ్లిచ్చి వెళ్లింది.

అరగంట గడిచినా ఎర్ర గీత ఎర్రగానే ఉంది. ఇంటి ప్లగ్గుతో అయితే నత్తనడకేనని అప్పుడు తెలిసింది. ఇంకాసేపు అన్నాడు, ఆమె సరేనంది. కొంతసేపటికి గుమ్మంలోకొచ్చి ఎంతవరకు వచ్చిందని అడిగింది. అయిపోవచ్చిందన్నాడు. ఆ తరువాత కూడా వచ్చింది కానీ, కారు వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఈలోగా అతను వీధి చివరిదాకా నడిచి, ఫోనులో తన షాపు టైలర్ మాస్టర్‌ను వాయించి వచ్చాడు. మర్నాడు ఒక కొత్త హోటలు తెరుస్తున్నారు. గదుల కర్టెన్లన్నీ ఆ రాత్రికి షాపుకు చేరాలి. షాపు మిషన్లిచ్చి, గుడ్డ ఇళ్లకు పంచి కుట్టించడం, కుట్టినవి తేవడం మాస్టర్ పని. కుట్టేదెవరో యజమాని ఏనాడూ చూడలేదు. ఏ సాకూ వినడని మాత్రం వాళ్లందరికీ తెలుసు.

ఎండ వాలేసరికి గీత పచ్చబడింది. డబ్బు ఇవ్వబోతే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. మనసు పొంగి జేబులోంచి తన కార్డు తీసి ఇచ్చాడు.

"మా షాపుకు రా అమ్మా. నీకు మంచి కర్టెన్లు తగ్గించి ఇస్తాను."

ఆమె కార్డును తిప్పి తిప్పి చదివింది. గదిలోకి ఒకసారి చూసుకుంది.

"అలాగే సార్," అంది.

అప్పటిదాకా అన్నయ్యా అన్న మనిషి సార్ అంది. కార్డు మహిమ అలాంటిదని అతను ముచ్చటపడుతూ కారెక్కాడు.

"చూశావా? ఇల్లన్నాక ప్లగ్గు ఉంటుంది, ప్లగ్గన్నాక ఇచ్చేవాళ్లుంటారు," అన్నాడు దారిలో. భార్య మొదటిసారి ఎదురు చెప్పలేదు. కారు కొనడం అక్కడే ఖాయమైపోయింది.

కారు షోరూములో అప్పగించేటప్పుడు చార్జింగు వైరు కనబడలేదు. ఆ కిటికీలోనే మరిచిపోయామని భార్య గుర్తుచేసుకుంది.

"వచ్చే ఆదివారం మన కారులో వెళ్లి తెచ్చుకుందాంలే. ఆమె ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

సోమవారం హోటల్లో ఒక వరస గదులకు కర్టెన్లు లేవు. ఆ గదుల్లో అతిథులు కిటికీలకు దుప్పట్లు కట్టుకున్నారు. హోటలు యజమాని ఇతన్ని నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. అతను షాపుకొచ్చి మాస్టర్ మీద పడ్డాడు.

ఆలస్యం చేసింది ఒక్కతేనని మాస్టర్ చెప్పాడు. ఏనాడూ మాట తప్పని మనిషట. కరెంటు పోయిందా అంటే పోలేదందట, ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందందట. తప్పు నాదేనని ఊరుకుందట.

"చెప్పుకోవడానికి సాకు కూడా లేదన్నమాట. ఇక ఆమెకు గుడ్డ ఇవ్వకు. మన మిషను తెచ్చెయ్."

మాస్టర్ ఏదో నసిగాడు. అతను వినలేదు.

వారం తిరగకముందే కొత్త కారు షాపు ముందుకొచ్చింది. దాని పక్కనే ఆటో ఆగింది. మాస్టర్ అందులోంచి మోటారు మిషను దింపించాడు.

"మిషను లేకపోతే ఇక్కడేం చేస్తానని ఇల్లు ఖాళీ చేసేసింది సార్. అక్క దగ్గరికి పోతున్నానంది. ఏ ఊరో చెప్పలేదు," అన్నాడు మాస్టర్. "సొరుగులో మీ వస్తువేదో ఉందట. జాగ్రత్తగా ఇమ్మంది."

మిషనులో తన వస్తువేమిటని విసుక్కుంటూ అతను సొరుగు లాగాడు.

హోటలు కర్టెన్ల గుడ్డ పేలికతో పొందిగ్గా చుట్టి కట్టిన చార్జింగు వైరు, దాని మడతలో అతని కార్డు ఉన్నాయి.