మాస్టారి ఫైలు

“ఎడమ చేతికే చుట్టారా పిన్నిగారూ?”

“చుట్టాను. బిగుతుగా ఉందంటున్నారు.”

“ఉండాలి. ఇక కదలకూడదు, మాట్లాడకూడదు.”

“ఆయన మాట్లాడడమా! బాగానే చెప్పావు అమ్మాయ్.”

అవతల బీపీ మిషను గుర్రుమంటూ గాలి నింపుకోసాగింది. పెద్దావిడ కూడా మాట్లాడడం ఆపేసింది. ఫోనమ్మ పెన్ను పట్టుకుని ఎదురుచూసింది.

ఆరోగ్యకేంద్రంలో ఆమె ఉద్యోగానికి పేషెంట్ కేర్ కోఆర్డినేటర్ అని నోరు తిరగని పేరొకటి ఉంది. వచ్చేవాళ్లు మాత్రం ఫోనమ్మ అనే అంటారు. ఆమె సూది వెయ్యదు, మందు రాయదు. పరీక్షలు ఎగ్గొట్టినవాళ్లని రప్పించడం, పెద్దాసుపత్రికి పంపినవాళ్లు వెళ్లారో లేదో ఆరా తియ్యడం, మాత్రలు మానేసినవాళ్లని బుజ్జగించడం, ఇదీ పని. రోజుకి అరవై ఫోన్లు. తొమ్మిదేళ్లుగా అడిగిందే అడిగి, చెప్పిందే చెప్పి గొంతు అరిగిపోయింది. ఇంటికెళ్లాక భర్త పలకరిస్తే ఊఁ అనడానికి కూడా ఓపిక ఉండదు.

“నూట తొంభై. కింద నూట పది,” అంది పెద్దావిడ.

పోయిన మంగళవారం పైఅంకె నూట డెబ్భై. అంతకుముందు వారం నూట యాభై ఎనిమిది. ఫోనమ్మ కొత్త అంకె కింద రెండు గీతలు గీసింది.

“తల తిరుగుతోందా?”

“పొద్దున్న స్నానానికి వెళ్తూ తూలారు. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారులే. వయసన్నాక మామూలేగా.”

“ఇది వయసు కాదు పిన్నిగారూ. ఇలాగే వదిలేస్తే కాలూ చెయ్యీ పడిపోవచ్చు. ఈ రోజే డాక్టరుగారు చూడాలి. నాలుగింటికి వెళ్లిపోతారు.”

“ఆయన కదలరమ్మాయ్. ఎవరు చెప్పినా వినరు.”

“పోనీ, మీకెలా ఉంది?”

“నాకేం, నిక్షేపంలా ఉన్నాను. ఇన్నేళ్లూ మీ ఆసుపత్రి మెట్లు ఎక్కాను, నా కోసమని ఒక్కనాడైనా చీటీ రాయించుకున్నానా?”

అది నిజం. ఆ ఇంటి నుంచి ఉన్నది ఒకటే ఫైలు, లెక్కల మాస్టారిది. ఆవిడ పేరు అందులో ‘వెంట వచ్చినవారు’ అన్న గడిలో మాత్రమే ఉంది.

వెనక నుంచి డాక్టరు వచ్చి బల్ల దగ్గర ఆగాడు. “మాస్టారి ఇల్లేనా?”

ఫోను చేత్తో మూసి తలూపింది.

“ఏడాది కావస్తోంది, ఆ ఫైలు ఇంకా మూయలేదా నువ్వు? పైవాళ్లు జాబితా అడుగుతున్నారు.”

“మూసేస్తే ఏ పేరు చెప్పి ఫోన్ చెయ్యను సార్? ఈ ఒక్క రోజూ నాలుగున్నర దాకా ఉండండి.”

డాక్టరు గడియారం చూసుకున్నాడు. పొద్దున్నుంచి తొంభైమందిని చూసి ఆయనకీ ముఖం వాడిపోయింది. “నాలుగున్నర. ఆపైన బతిమాలకు,” అని వెళ్లిపోయాడు.

“పిన్నిగారూ, ఒక పని చేద్దాం. ఆయన రాకపోతే మీరే రండి. సంగతంతా మీరు చెబితే డాక్టరుగారు మందు రాస్తారు.”

“నేనొస్తే సరిపోతుందా?”

“సరిపోతుంది. బండి పంపిస్తాను.”

“పక్కవీధికి బండెందుకు? నడిచొస్తాను.”

“నడవొద్దంటుంటే!”

అరిచాక ఆమెకే సిగ్గేసింది. “ఏమీ అనుకోకండి, గొంతు నా మాట వినడం లేదు,” అంది.

కేంద్రం బండి డ్రైవరు మందుల పెట్టెలు దింపుతున్నాడు. “నాకు రెండు చేతులే ఉన్నాయి” అన్నాడు. సగం పెట్టెలు ఫోనమ్మే మోసి అతన్ని తరిమింది. నడుం పట్టేసింది. ఈ ఉద్యోగం పాడుగాను అనుకుంది, రోజూ అనుకునేదే.

నాలుగూ ఇరవైకి పెద్దావిడ ఒక్కతే దిగింది. చంకలో మాస్టారి పాత మందుల చీటీల సంచీ ఉంది. ఫోనమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. నర్సు పట్టీ తీసింది.

“నాకెందుకమ్మా?”

“ఇంట్లో సరిగ్గా చుడుతున్నారో లేదో చూద్దామని. చెయ్యి చాపండి,” అంది ఫోనమ్మ.

నూట తొంభై నాలుగు. నర్సు అంకె చూసి డాక్టర్ని పిలిచింది. ఆయన వచ్చి, కళ్లు చూసి, రెండు చేతులూ పైకెత్తించి, ఒక మాత్ర ఆవిడ అరచేతిలో పెట్టాడు.

“ఇది వేసుకుని పడుకోండి. గంట చూద్దాం, తగ్గకపోతే పెద్దాసుపత్రికి పంపిస్తాను.”

“నన్నా? అయ్యో, ఆయన ఒక్కరే ఉన్నారు! సాయంత్రం కాఫీ కలిపివ్వాలి.”

“ఆయన సంగతి నేను చూసుకుంటాను. మీరు మాత్ర వేసుకోండి,” అంది ఫోనమ్మ.

పెద్దావిడ ఆమె ముఖంలోకి చూసింది. చూస్తుండగానే కళ్లు నిండాయి. మాత్ర మింగి, మంచం మీద ఒరిగింది.

“వచ్చే మంగళవారం కూడా ఫోన్ చేస్తావుగా?”

“చేస్తాను. ఇకనుంచి మీ పేరు మీదే చేస్తాను.”

ఫోనమ్మ బల్ల దగ్గరికొచ్చి కుర్చీలో కూలబడింది. కొత్త ఫైలు తీసి, ‘రోగి’ అన్న గడిలో పెద్దావిడ పేరు రాసింది. ఇంటికెళ్లని డాక్టరు తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

“మరి పాతది?”

“రేపు మూసేస్తాను సార్. ఈ రోజుకి ఓపిక లేదు.”

మాస్టారు పోయి అప్పటికి పదకొండు నెలలు.