సంతకం మాత్రం హిమజది

పెళ్లయిన నెలలోనే చిత్రకారిణి హిమజ కుంచె పక్కన పెట్టేసింది. అప్పటినుంచి ఏ దేశంలో ఉద్యమం లేచినా, ఇంటి గోడలోని యంత్రమే అచ్చం ఆమె గీతల్లో సంఘీభావ చిత్రం వేసి, ఆమె సంతకంతో పంపేది. ఆ ఉదయం పెసరట్టు వంకర తిరిగిందని భర్త శశాంక్ ఆటపట్టిస్తుంటే, ఆమె పగలబడి నవ్వుతోంది. అంతలో గోడమీది తెరలో ఒక విదేశీ ముసలామె ప్రత్యక్షమైంది. యంత్రం ఆమె మాటల్ని తెలుగులో వినిపించింది.

"సమ్మెలో కాల్చి చంపారే, ఆ వడ్రంగి నా కొడుకమ్మా. శవయాత్రలో ముందు నీ బొమ్మే పట్టుకున్నాం. వాడి చెవిమీద పెన్సిల్ కూడా మరిచిపోలేదు నువ్వు. వాణ్ణి అంత శ్రద్ధగా ఎలా చూశావు తల్లీ?"

హిమజ ఆ బొమ్మనే చూడలేదు.

"చెప్పవోయ్, అంత మొహమాటమా?" అన్నాడు శశాంక్ మురిసిపోతూ.

"నేను వెయ్యలేదమ్మా. యంత్రం వేసింది," అంది హిమజ తలవంచుకుని.



"అయితే మావాడి ముఖం అక్కడ ఎవరూ చూడనేలేదా?" అని అడిగింది ముసలామె.