ఎంగిలి కాని పద్యం

"కొల్లేట్లో పడవ మునక మీద పద్యాలు కట్టింది తమరేనాండి?"

మేడమెట్ల మీద ఎదురైన మనిషిని చూసి వరదానం తడబడ్డాడు.

నలభై ఏళ్ళుంటాయి. ఉతికిన పంచె, చంకలో చిన్న మూట.

"నేనేనండి. సభ ప్రకటన పత్రికలో చూశారా?"

"నాకు చదువు రాదండి. ఇవాళ ఏలూరులో సభ ఉందనీ, తమరు చదువుతారనీ మా లంకలో మిషన్ బడి పంతులమ్మగారు చెప్పారండి. నాలుగున్నర బండికి పోవాలండి. కాకినాడలో రంగూను ఓడ ఎక్కాలి. ఈలోగా ఒక్క పద్యం వినిపిస్తారేమోనని..."

వరదానానికి ఒళ్ళు పులకరించింది.

తన పద్యాన్ని వెతుక్కుంటూ ఒక మనిషి రావడం అదే మొదలు.

కాగితాలు విప్పబోయాడు.

"ఆగవోయ్!" పైమెట్టు మీంచి కార్యదర్శి నరసరాజు కేక వేశాడు. "అధ్యక్షులవారి చెవిని పడకముందే మెట్ల మీద చదివి ఎంగిలి చేస్తావా?"

పట్టభద్రుల సాహితీ సమితిలో అది కట్టుబాటు. సభకు తెచ్చిన పద్యం ముందుగా మరెవరి చెవినీ పడరాదు.

పైగా నేటి అధ్యక్షులు మద్రాసులో పత్రికా సంపాదకులు. వారికొక సహాయకుడు కావాలి. ఈ సభలోనే ఎంచుకుంటారట.

బి.ఏ. ప్యాసై రెండేళ్ళు. ఉద్యోగం లేదు. వరదానానికి ఇంతటి అవకాశం మళ్ళీ రాదు.

కాగితాలు మడిచాడు.

"పైకి వచ్చి కూర్చోండి. సభలోనే విందురుగాని."

మూడు గంటలకు సభ ఆరంభమైంది. ముందుగా సభ్యుల విజయ నివేదన.

తాతారావు లేచాడు. అతని సీసపద్యం ఒకటి బందరు పత్రికలో అచ్చయింది. ఆ పద్యమూ, దాని పుట్టుపూర్వోత్తరాలూ కలిసి అరగంట పట్టాయి.

ఎలీయాజరు లేచాడు. అతని కథ తిరిగి వచ్చింది. అయితే "మరల ప్రయత్నింపుడు" అని సంపాదకులు స్వహస్తంతో రాశారు.

"తిరిగి రావడమే విజయమైతే నేను దిగ్విజయం చేసినట్టేరా!" అన్నారెవరో వెనకనుంచి.

సభ నవ్వింది.

ఆ నవ్వుల మధ్య, గుమ్మం దగ్గర ఆ మనిషి లేచి నిలబడ్డాడు.

"ఏవండీ, ఆ బాబుగారి వంతు ఎప్పుడండి?"

"చివర్న. మంచిదాన్ని చివరికి ఉంచుకుంటాం," అన్నాడు నరసరాజు. "కొల్లేటి కొంగలా అలా నిలబడకు. కూర్చో!"

ఈసారి సభ మరికాస్త గట్టిగా నవ్వింది. ఆ మనిషీ నవ్వబోయి, నవ్వలేక, కూర్చున్నాడు.

ఇంకొకరు లేచారు. ఇంకొక విజయం. మరొకరు లేచారు. మరొక విజయం.

గడియారం నాలుగు కొట్టింది.

ఆ మనిషి వంగి వంగి నడిచి వచ్చి వరదానం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బండి తప్పితే ఓడ తప్పుతుందండి. పద్యం కాకపోయినా పర్వాలేదండి. మామూలు మాటల్లో చెప్పండి. అందులో ఆవిడ ఎలాగుందండి?"

వరదానం పెదవి కదిలింది.

ఎదురుగా అధ్యక్షులవారు. పక్కన నరసరాజు కళ్ళెర్రజేసి చూస్తున్నాడు.

వరదానం తల అడ్డంగా ఊపాడు.

"ఇంకొక్క పావుగంట ఉండండి," అన్నాడు మెల్లగా.

ఆ మనిషి పావుగంటా ఉన్నాడు.

ఇంకా విజయాలు పూర్తి కాలేదు.

లేచి రెండు చేతులూ జోడించాడు.

"ఉంటానండి. తమరు బాగా చదవండి బాబూ."

మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత చప్పట్లలో కలిసిపోయింది.

అయిదు దాటాక వరదానం వంతు వచ్చింది.

నీళ్ళ మీద పరచుకున్న జుట్టును చదివాడు. ఒడ్డును అందుకోలేకపోయిన చేతిని చదివాడు. పేరు లేని చితిని చదివాడు.



అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కరుణరసం పండించావు నాయనా. ఒక్కటే వెలితి. ఆమె కోసం ఏడ్చే మనిషి ఒక్కడూ లేడేం ఇందులో?"

"ఎవరూ లేరండి," అన్నాడు వరదానం వినయంగా. "పత్రికలో 'గుర్తు తెలియని స్త్రీ' అనే వేశారండి."

"సరే. వచ్చే పదో తేదీకి మద్రాసు వచ్చెయ్యి. నీ బల్ల సిద్ధంగా ఉంటుంది."

చప్పట్లు మోగాయి. నరసరాజు వరదానాన్ని కౌగలించుకున్నాడు.

"చూశావా! మెట్ల మీద పారబోసుకుని ఉంటే ఈ గౌరవం దక్కేదా?"

అప్పుడే ఒక నడివయసు స్త్రీ గొడుగు ముడుస్తూ, ఆయాసపడుతూ మేడ ఎక్కింది.

"మిషన్ ఆఫీసులో ఆలస్యమైందండి. నేను హన్నమ్మనండి, లంకలో పంతులమ్మని. మా గంగరాజు విన్నాడాండి?"

వరదానం ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"వచ్చారండి. బండి వేళయిందని వెళ్ళిపోయారు."

"వినకుండానేనా?"



"నేను స్టేషనుకు పరుగెడతాను," అన్నాడు వరదానం.

"ఇంకెక్కడి బండి బాబూ? ఈపాటికి తాడేపల్లిగూడెం దాటి ఉంటుంది. మళ్ళీ ఈ దేశం రానని చెప్పి మరీ బయల్దేరాడు."

"ఆ నాలుగు పద్యాల కోసం అతనికంత ఆరాటమేమిటమ్మా?" అన్నాడు నరసరాజు.

హన్నమ్మ అతనివైపు తిరిగింది.

"శవం మా లంకకి దూరంగా కలిదిండి వైపు తేలిందండి. అక్కడ ఎరిగినవాళ్ళెవరూ లేక అనాథ అని దహనం చేసేశాక గానీ, ఆనవాళ్ళు విని మావాళ్ళు పోల్చుకోలేదండి. కబురు తెలిసి రంగూను నుంచి వచ్చేసరికి, చూసుకోడానికి పిడికెడు బూడిదైనా లేదు గంగరాజుకి. ఆవిడ అతని భార్యండి."