సముద్రం దాటిన దేవుడు

“నువ్వు గూడ ఆ చీనా ఆయన దగ్గరికే పోతున్నవా గనీ?”

పీరయ్య గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అబ్దుల్ ఘనీ చెప్పులు వేసుకుంటున్నాడు.

“తమ్ముని సంగతి అడిగొస్త అన్నా. కువైత్‌ల యుద్ధం ఆగి ఐదు నెలలాయె. ఉత్తరం ముక్క లేదు.”

“బతికే ఉన్నడని నేను చెప్పలె?”

“చెప్పినవ్. ఆయన గూడ అంటే జర ధైర్యం.”

సౌదీలో, కువైత్ సరిహద్దు పక్కనున్న ఖఫ్జీ కూలీల క్యాంపులో నిరుడు దాకా జనం అడిగింది పీరయ్యనే. నిజామాబాద్ పక్క పల్లెలో పీర్ల పండుగకు పీరు ఎత్తుకునే మనిషి. ఎత్తుకోగానే పూనకం వచ్చేది. ముందు ఎడమ మడమ నేలను తన్నేది, తర్వాత దవడ బిగిసేది, ఆపైన మాట. ఇక్కడా శుక్రవారాలు గదిలో అలాగే చెప్పేవాడు. తైవాన్ నుంచి వచ్చిన వెల్డర్ లిన్ కూడా కొత్తలో వచ్చి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, వెనక కూర్చుని చూసేవాడు.

ఇప్పుడు లిన్‌కే దేవుడు వస్తున్నాడు. వాళ్ళ ఊళ్ళో కొలిచే బాలదేవుడట. లిన్ రక్షగా రాసిచ్చిన పసుపు కాగితం క్యాంపులో ప్రతివాడి ఇకామా, అంటే నివాస అనుమతి పుస్తకంలోనూ ఉంది, పీరయ్యదాంట్లో తప్ప.

పీరయ్య జేబులో వేరే కాగితం ఉంది. లిన్ మంత్రాలు చేస్తున్నాడని క్యాంపు మేనేజరు ముదీర్‌కు ఫిర్యాదు. సంతకం లేదు. అందితే లిన్‌కు జైలు, ఆ తర్వాత ఎగ్జిట్ కొట్టి దేశం నుంచి పంపేస్తారు.

ఘనీ వెనకే అతనూ స్టోర్ షెడ్డుకు వెళ్ళాడు. మధ్యాహ్నమే అయినా కువైత్‌లో ఇంకా తగలబడుతున్న చమురు బావుల పొగకు లైటు వేసి ఉంచారు. లిన్ పీట మీద కూర్చుని కళ్ళు మూశాడు. ఎడమ మడమ నేలను తన్నింది. దవడ బిగిసింది. చిన్నపిల్లవాడి గొంతుతో ఏదో అన్నాడు. పక్కనున్న లిన్ ఊరాయన దాన్ని హిందీలో చెప్పాడు.

“తమ్ముడు ఉన్నాడు. ఉత్తరం వస్తుంది.”

ఘనీ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇదే మాట పీరయ్య చెప్పిననాడు ఏడవలేదు.

ఆ మడమ దెబ్బను పీరయ్య గుర్తుపట్టాడు. ఊళ్ళో తనకు పూనకం వచ్చినప్పుడు అచ్చం అంతే. విమానం దిగిన రోజు నుంచి మాత్రం తనకు ఒక్కసారీ రాలేదు. నాలుగేళ్ళుగా మడమ తనే తన్నుతున్నాడు, దవడ తనే బిగిస్తున్నాడు. ఆ సంగతి ఘనీకి కూడా తెలియదు. వీడికి మాత్రం ఇంత దూరం వచ్చాడు వీడి దేవుడు!

అందరూ వెళ్ళేదాకా ఆగాడు. జేబులో చెయ్యి పెడితే ఫిర్యాదు అంచు వేలికి తగిలింది. అది ఇచ్చేముందు ఒక్కటి తెలుసుకోవాలి. క్యాంపు హిందీలో అడిగాడు.

“నీ దేవుడు సముద్రం ఎట్ల దాటిండు?”

లిన్ లేచి తలుపు గడియ పెట్టి వచ్చాడు.

“దాటలేదు. మావాళ్ళు బతిమాలితే కాదనలేకపోయాను.”

“మరి గా పూనకం?”

“నీకు నిజంగా వస్తుంది కదా, నిన్ను చూసి నేర్చుకున్నాను.”