వంతు కారు

బళ్ళు తిరగని రోడ్డుకు మరమ్మతు చేసేది లేదని సర్కారు తేల్చేసినప్పటి నుంచీ, ఆ ఊళ్ళో కార్లున్న ఇళ్ళవాళ్ళు వంతులు వేసుకున్నారు. వంతు వచ్చిన ఇల్లు, డ్రైవరు అక్కర్లేని తన కారును ఖాళీగా టౌనుకు పంపి రప్పించాలి. బళ్ళు లెక్కెయ్యడానికి సర్కారు రోడ్డులో పాతిన యంత్రం బండిని చూస్తుంది గానీ మనిషిని చూడదు. సైకిలును అసలు బండిగానే లెక్కెయ్యదు. అందుకే, సైకిలు తప్ప మరేమీ లేని దావీదుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈరోజు అతని మల్లెతోటలో హద్దురాళ్ళు పాతారు. రద్దీ పెరిగిందట, రోడ్డు వెడల్పు చేస్తారట.

దావీదు సైకిలు పట్టుకుని రోడ్డువారన నిలబడి ఉంటే, పక్కింటి నాగరత్నం తలొంచుకుని వెళ్ళబోయింది.

“పోనీలే వదినా. ఇంతమంది అవసరాలుండి తిరగతా ఉంటే, నా మల్లెచెట్ల కోసం అడ్డం పడతానా?”

నిజం చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. అంతలో వంతు ముగించుకుని ఆమె కారే నల్లద్దాలతో ఎదురొచ్చింది. దావీదు గబగబా సైకిలు పక్క కాలవలోకి దించి దారిచ్చాడు.

“పాపం అన్న, ఇంత ఎండలో గూడా తిరగతానే ఉన్నాడు,” అంటూ ఖాళీ సీటుకు దణ్ణం పెట్టాడు.

కారు మర్యాదగా చిన్న హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఇంట్లో నిద్రపోతున్న భర్త గుర్తొచ్చి, నాగరత్నం తెరిచిన నోరు మూసుకుంది.